64 జీబీ ల్యాప్‌టాప్‌లో లినక్స్: డిస్కును ఎన్ని ముక్కలు చెయ్యాలి?

పల్నాటి పిల్లోడు (8 నవంబరు 2025, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మా చెల్లి నరసరావుపేటలో బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న చిన్న ల్యాప్‌టాప్ తన దగ్గర ఉంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ (డిస్కు బదులుండే స్టోరేజీ చిప్). రెండూ బోర్డుకే అతికించి ఉన్నాయి, విప్పి చూశాను, మార్చే వీల్లేదు. ఇంకో డిస్కు పెట్టుకునే స్లాటు కూడా లేదు. అందులో విండోస్ 10 ఉంది. అక్టోబరు 14తో దాని మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అసలు అంతకు ఏడాది ముందు నుంచే సీ డ్రైవ్ ఎర్రగీత మీద ఉంది. అప్‌డేట్ దించుకోవడానికి కూడా చోటు లేక సగంలో ఆగిపోయేది.

లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ (తేలికపాటి లినక్స్) వేద్దామనుకుంటున్నా. తనకి కావల్సింది ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, తెలుగు టైపింగు, వీడియో క్లాసులు. ట్యాలీ ఇన్‌స్టిట్యూట్ మెషీన్ల మీదే చేసుకుంటుంది కాబట్టి విండోస్ ఉంచాల్సిన పని లేదు.

ఒక పాత వీడియో చూసి ఈ లెక్క వేసుకున్నాను:

/బూట్ (మెషీన్ లేవడానికి కావల్సిన ఫైళ్లు): 1 జీబీ
స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు): 8 జీబీ, ర్యామ్‌కి రెండింతలు
/ (రూట్, సిస్టమ్ ఉండే చోటు): 15 జీబీ
/హోమ్ (చెల్లి సొంత ఫైళ్లు): మిగిలిన 34 జీబీ

లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్కుల జాబితా చూపే కమాండు) కొడితే ఇలా వచ్చింది:

ఎమ్ఎమ్‌సీబీఎల్‌కే0: 58.2జీ
ఎమ్ఎమ్‌సీబీఎల్‌కే0బూట్0: 4ఎమ్
ఎమ్ఎమ్‌సీబీఎల్‌కే0బూట్1: 4ఎమ్

64 ఉండాల్సింది 58 ఎందుకుంది? ఆ బూట్0, బూట్1 అన్నవి నేను పెట్టాల్సిన /బూట్ కోసమేనా? 4 ఎంబీ ఎలా సరిపోతుంది? చెల్లికి సెమిస్టర్ పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. ఒకసారి వేశాక మళ్లీ మళ్లీ కెలికే పని పెట్టుకోలేను. చెప్పగలరు.

---

ల్యాబ్ మాస్టారు (8 నవంబరు, 9:52)

ముందు ఆ బూట్0, బూట్1 సంగతి. వాటిని ముట్టుకోకు. అవి ఈఎమ్ఎమ్‌సీ చిప్‌తోనే పుట్టిన చిన్న భాగాలు, మనం చేసే పార్టిషన్లు (డిస్కు ముక్కలు) కావు. పేరులో బూట్ ఉందని ఎవరైనా పొరపడతారు. నువ్వు పని చెయ్యాల్సింది 58.2 ఉన్నదాని మీదే.

64 కాస్తా 58 ఎందుకయిందంటే, అమ్మేవాళ్లు కిలోని 1000గా లెక్కిస్తారు, ఎల్ఎస్‌బీఎల్‌కే 1024గా లెక్కిస్తుంది. 64 అక్కడే 59.6 అయిపోతుంది. మిగిలిన కాస్తా పాడయ్యే బ్లాకుల కోసం చిప్ తన దగ్గర అట్టేపెట్టుకుంటుంది.

నీ లెక్కలో అసలైనది ఒకటి లేదు. ఆ ల్యాప్‌టాప్ యూఈఎఫ్ఐతో (మెషీన్‌ని లేపే ఫర్మ్‌వేర్) బూట్ అవుతుంది. దానికి ఫ్యాట్32లో ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి తప్పనిసరి. అది లేకుండా మిగతావన్నీ ఎంత పొందికగా పెట్టినా మెషీన్ లేవదు. 512 ఎంబీ ఇవ్వు, చాలు.

ఇక నీ నాలుగు ముక్కలు. నేను ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. 24 మెషీన్లు, ఒక్కోదానికి 80 జీబీ డిస్కు. పుస్తకంలో ఉన్నట్టే రూట్‌కి 12, హోమ్‌కి 60 పెట్టాను. పిల్లలు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోతారు, హోమ్‌లో 2 జీబీ కూడా ఉండేది కాదు. రూట్ మాత్రం అప్‌డేట్లతో, పాత కెర్నళ్లతో (సిస్టమ్ మూల ప్రోగ్రాము పాత వెర్షన్లు), కంపైలర్లతో నిండుతూ వచ్చి, ఒక సోమవారం పొద్దున సగం మెషీన్లు లాగిన్ దగ్గరే ఆగిపోయాయి. పాస్‌వర్డ్ కొడతారు, స్క్రీన్ ఒక్కసారి నల్లబడుతుంది, మళ్లీ అదే లాగిన్ పెట్టె. పక్కనే 58 జీబీ ఖాళీగా ఉంది, దాన్ని వాడుకునే దారి లేదు.

జీపార్టెడ్‌తో (పార్టిషన్లు మార్చే ప్రోగ్రాము) సరిచెయ్యడానికి రెండు ఆదివారాలు పట్టింది. రూట్‌ని కుడివైపు పెంచాలంటే హోమ్‌ని ఎడమవైపు నుంచి తగ్గించాలి. అంటే హోమ్ మొదలయ్యే చోటు మారాలి, అంటే అందులో ఉన్న డేటా అంతా ఒక్కో బ్లాకుగా జరగాలి. అది జరుగుతుండగా కరెంటు పోయింది. ఆ వరుస యూపీఎస్ బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉంది. ఆ వరుసలో ఒక మెషీన్ హోమ్ మళ్లీ తెరుచుకోలేదు. అందులో ఒక అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు ఉంది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే చెబుతున్నాను. చిన్న డిస్కులో కట్టే ప్రతి గోడా చోటు తింటుంది. ఏ వైపు ఎంత కావాలో ఈ రోజు నీకు తెలియదు, చెల్లికీ తెలియదు. ఈఎఫ్ఐ ఒకటి, రూట్ ఒకటి. అంతే పెట్టు. హోమ్ రూట్‌లోనే ఒక ఫోల్డరుగా ఉంటుంది.

---

హన్మకొండ అక్క (8 నవంబరు, 10:30)

మాస్టారూ, మీ అనుభవాన్ని కాదనను, కానీ హోమ్ విడిగా ఉండడం వల్ల నేను రెండుసార్లు గట్టెక్కాను. మొదటిసారి వెర్షన్ అప్‌గ్రేడ్ సగంలో చెడిపోయింది. రూట్ ఒక్కటే ఫార్మాట్ చేసి కొత్తది వేసి, పాత హోమ్‌ని అలాగే తగిలించాను. అరగంటలో నా బుక్‌మార్కులు, మెయిల్, వాల్‌పేపర్‌తో సహా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంట్లో వాడే మెషీన్‌కి ఇంతకన్నా ధైర్యం ఏముంటుంది?

మీ ల్యాబ్‌లో తప్పు గోడది కాదు, 12 జీబీ అన్న అంకెది. తమ్ముడి దగ్గర 57 ఉంది కదా. రూట్‌కి 30, హోమ్‌కి 27 పెడితే రెండూ ఊపిరి తీసుకుంటాయి. మింట్ వాళ్లు కనీసం 20 ఉండాలంటున్నారు, 100 ఉంటే హాయి అంటున్నారు. 15 పెడితే మాత్రం ఆర్నెల్లలో మళ్లీ ఇక్కడికే వస్తావు తమ్ముడూ.

---

ల్యాబ్ మాస్టారు (8 నవంబరు, 10:48)

అక్కా, మీరు చెప్పిన లాభం నిజమే. కానీ మింట్, పాత ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో ఆ లాభం ఒకే రూట్‌తో కూడా వస్తుంది. 'సమ్‌థింగ్ ఎల్స్' దారిలో వెళ్లి, పాత రూట్‌నే మళ్లీ రూట్‌గా చూపించి, ఫార్మాట్ అన్న గడిలో టిక్ పెట్టకుండా వదిలేస్తే, అది /యూఎస్ఆర్, /వార్, /ఈటీసీ లాంటి సిస్టమ్ ఫోల్డర్లను తుడిచి కొత్తవి వేస్తుంది. /హోమ్ జోలికి పోదు. పాత యూజర్ పేరే ఇస్తే చాలు. ఎలాగైనా బ్యాకప్ తీసుకునే మొదలుపెట్టాలి, హోమ్ విడిగా ఉన్నా సరే. పొరపాటున టిక్ పెట్టడానికి ఒక్క నొక్కు చాలు.

---

హన్మకొండ అక్క (8 నవంబరు, 11:02)

ఫార్మాట్ లేకుండా మళ్లీ వెయ్యడం నేనెప్పుడూ చేసి చూడలేదు. రేపు వర్చువల్ మెషీన్‌లో వేసి చూసి చెబుతాను. అప్పటిదాకా నా మాట నాది.

---

పల్నాటి పిల్లోడు (9 నవంబరు, ఉదయం 7:15)

మాస్టారికి, అక్కకి ధన్యవాదాలు. ఒక భయం ఉంది. అంతా ఒకటే రూట్ అయితే, చెల్లి ఫొటోలు, క్లాసుల వీడియోలు దించుకుని మొత్తం నింపేస్తే సిస్టమే లేవకుండా పోతుందా? విడిగా ఉంటే హోమ్ మాత్రమే నిండుతుంది కదా. తను వాట్సాప్‌లో వచ్చినవన్నీ దాచుకునే రకం. ఇప్పటికే 11 జీబీ ఉన్నాయి.

---

ల్యాబ్ మాస్టారు (9 నవంబరు, 8:05)

మంచి ప్రశ్న. ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్) ఫార్మాట్ చేసేటప్పుడే 5 శాతం చోటుని రూట్ యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది. మామూలు యూజర్‌కి డిస్కు నిండిపోయిందని కనిపించినా, సిస్టమ్ సర్వీసులు ఆ 5 శాతంలో బతుకుతాయి. నువ్వు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల తెరలో లాగిన్ అయి సుడోతో (ఆ అధికారాలతో నడిపే కమాండు) ఫైళ్లు తీసేయొచ్చు. మా ల్యాబ్‌లో ఆ రక్షణ ఎందుకు పనికిరాలేదంటే, రూట్ పార్టిషన్‌ని నింపింది సుడోతో నడిచిన అప్‌డేట్లే. ఆ 5 శాతాన్ని కూడా అవే తినేశాయి.

నీ డిస్కులో 5 శాతం అంటే దగ్గర దగ్గర 2.9 జీబీ. కొంచెం ఎక్కువే. ట్యూన్2ఎఫ్ఎస్ -ఎమ్ 1 అని ఇచ్చి ఒక శాతానికి దించు. సున్నా చెయ్యకు. రూట్ మీద ఆ కాస్త ఉండి తీరాలి. హోమ్ విడిగా పెట్టుకున్నవాళ్లు హోమ్ మీద సున్నా చేసుకోవచ్చు, అక్కడ దాని పని లేదు.

---

బెంగళూరు బైట్లు (9 నవంబరు, 10:20)

మీ ఇద్దరి తగువునీ బీటీఆర్ఎఫ్ఎస్ (ఈఎక్స్‌టీ4 బదులు వాడే ఇంకో ఫైల్‌సిస్టమ్) తీర్చేస్తుంది. ఒకే పార్టిషన్, అందులో రెండు సబ్‌వాల్యూమ్‌లు. ఒకటి రూట్‌కి, ఒకటి హోమ్‌కి. రెండిటికీ చోటు ఉమ్మడి, కాబట్టి ముందుగా అంకె వేసుకోనక్కర్లేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ సబ్‌వాల్యూమ్ ఒక్కటే తీసేసి హోమ్ ఉంచుకోవచ్చు. ఫెడోరా డెస్క్‌టాప్ 2020లో 33వ వెర్షన్ నుంచి ఇదే వాడుతోంది.

పైగా కంప్రెషన్. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో రాసుకునే ఫైలు) కంప్రెస్=జెడ్‌ఎస్‌టీడీ:1 అని రాస్తే ఫైళ్లని రాసేటప్పుడే కుదించి రాస్తుంది. నా మెషీన్‌లో /యూఎస్ఆర్ ఇంచుమించు సగానికి దిగింది. 64 జీబీ వాళ్లకి ఇది వరం. ఫొటోలు, వీడియోలు ముందే కుదించినవి కాబట్టి అవి తగ్గవు. ఈఎమ్ఎమ్‌సీ మీద రాతలు కూడా తగ్గుతాయి, చిప్ ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఒక్క షరతు. స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో ఫైళ్లు ఉన్న తీరుని దాచేవి) పెట్టుకుంటే అవి పాత బ్లాకుల్ని పట్టుకుని కూర్చుంటాయి. 5 జీబీ ఫైలు చెరిపినా చోటు తిరిగి రాదు, ఏదో ఒక స్నాప్‌షాట్‌లో అది ఇంకా ఉంటుంది. చిన్న డిస్కులో రెండు మూడుకి మించి ఉంచకూడదు.

---

ల్యాబ్ మాస్టారు (9 నవంబరు, 10:55)

తమ్ముడూ, నీ మాటలో తప్పు లేదు. నీ మెషీన్ అయితే నేనూ అదే చెబుతాను. కానీ ఇది నరసరావుపేటలో ఒక బీకాం అమ్మాయి ల్యాప్‌టాప్, అన్నయ్య పక్కన ఉండడు. బీటీఆర్ఎఫ్ఎస్ నిండుగా అయితే డీఎఫ్ కమాండు చూపించే ఖాళీకి, నిజంగా రాసుకోగలిగే ఖాళీకి పొంతన ఉండదు. బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్ అని విడిగా చూడాలి. మెటాడేటాకి (ఫైళ్ల గురించిన లెక్కలు) కేటాయించిన చోటు అయిపోయి, కొత్తది కేటాయించడానికి ఖాళీ మిగలకపోతే, డేటా వైపు చోటు కనిపిస్తున్నా 'నో స్పేస్' అంటుంది. అప్పుడు బ్యాలెన్స్ (చోటుని మళ్లీ సర్దే కమాండు) నడపాలి. ఫోన్లో చెల్లికి అది చెప్పి చేయించగలమా? మూడు వంతులకి మించి నిండనివ్వను అనుకునేవాళ్లకే బీటీఆర్ఎఫ్ఎస్. వాట్సాప్ ఫొటోలన్నీ దాచుకునేవాళ్లకి ఈఎక్స్‌టీ4.

---

బెంగళూరు బైట్లు (9 నవంబరు, 11:10)

ఒప్పుకుంటున్నా. పక్కన తెలిసినవాళ్లు లేనప్పుడు ఈఎక్స్‌టీ4 మేలు.

---

అమలాపురం కుర్రాడు (9 నవంబరు, మధ్యాహ్నం 1:40)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ చోటు గొడవే. నా ఉబుంటులో డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది, /బూట్ విడిగా 512 ఎంబీ. పొద్దున అప్‌డేట్ ఇస్తే సగంలో ఆగి, ఇప్పుడు ఆప్ట్ (ప్యాకేజీలు వేసే, తీసే కమాండు) ఏ పనీ చెయ్యనంటోంది. డీఎఫ్ -హెచ్ కొడితే:

/బూట్: మొత్తం 488ఎమ్, వాడింది 471ఎమ్, 100 శాతం

మెషీన్ ఇంకా ఆపలేదు. ఆపితే మళ్లీ లేస్తుందో లేదో అని భయంగా ఉంది.

---

హన్మకొండ అక్క (9 నవంబరు, 1:58)

ఆపకపోవడం మంచి పని చేశావు. నేను చెప్పిన వరుసలోనే చెయ్యి.

ముందు యునేమ్ -ఆర్ కొట్టు. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ పేరు వస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకో. దాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకు. తర్వాత సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్ ఇచ్చి చూడు. అది పని చేస్తే అక్కడితో సరి. చెయ్యకపోతే డీపీకేజీ -ఎల్ లో లినక్స్-ఇమేజ్ అని వెతుకు. అన్నిటికన్నా పాత వెర్షన్ ఏదో చూసి, దాన్ని డీపీకేజీ --పర్జ్‌తో తీసేయి. దానికి మాడ్యూల్స్ ప్యాకేజీ అంటుకుని ఉంటుంది, అడ్డం చెబితే రెండిటి పేర్లూ ఒకే కమాండులో ఇవ్వు. చోటు రాగానే సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్ అను. ఆగిపోయిన పని అదే పూర్తి చేస్తుంది.

/బూట్‌లోకి వెళ్లి ఆర్ఎమ్‌తో ఫైళ్లు చెరపడం అన్నిటికన్నా ఆఖరి దారి. అలా చేస్తే ప్యాకేజీ లెక్క ఒకలా, డిస్కు లెక్క ఒకలా ఉండిపోతాయి.

---

అమలాపురం కుర్రాడు (9 నవంబరు, 2:35)

అక్కా, లేచింది! ఆటోరిమూవ్ పని చెయ్యలేదు, మీరు చెప్పినట్టు పాత కెర్నల్‌ని పేరుతో తీసేశాక మిగతాది దానంతటదే అయిపోయింది. రీస్టార్ట్ కూడా చేశాను. ఇప్పుడు /బూట్ 61 శాతం. మళ్లీ ఇలా కాకుండా ఏం చెయ్యాలి?

---

హన్మకొండ అక్క (9 నవంబరు, 2:50)

హమ్మయ్య. /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ లోపల ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కాన్ఫ్ ఫైలు తెరువు (ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అంటే బూట్ మొదట్లో కావల్సిన డ్రైవర్లు మోసే ఫైలు). అందులో మాడ్యూల్స్=మోస్ట్ అని ఉంటుంది. దాన్ని డెప్ చెయ్యి. తర్వాత సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ. లోకంలోని హార్డ్‌వేర్ అంతటికీ డ్రైవర్లు మోసే బదులు నీ మెషీన్‌కి కావల్సినవే ఉంచుతుంది, ఫైలు సైజు బాగా దిగుతుంది. ఆ డిస్కు తీసి వేరే మెషీన్‌లో పెడితే మాత్రం లేవకపోవచ్చు, అది గుర్తుంచుకో.

పల్నాటి తమ్ముడికి కూడా ఇందులో పాఠం ఉంది. ఎన్‌క్రిప్షన్ పెట్టని ఇంటి మెషీన్‌కి విడి /బూట్ అక్కర్లేదు. ఈ ఒక్క గోడ విషయంలో నేను మాస్టారి పక్షమే.

---

పల్నాటి పిల్లోడు (9 నవంబరు, సాయంత్రం 6:30)

సరే, /బూట్ తీసేశాను. స్వాప్ మిగిలింది. 4 జీబీ ర్యామే కదా, 8 జీబీ స్వాప్ వద్దంటే బ్రౌజర్లో పది ట్యాబులు తెరిస్తే ఆగిపోదా?

---

బెంగళూరు బైట్లు (9 నవంబరు, 7:05)

ర్యామ్‌కి రెండింతలన్నది ర్యామ్ వందల ఎంబీల్లో ఉన్న రోజుల మాట. నీ 58లో 8 అంటే ఏడో వంతు. అంత చోటిచ్చినా ఈఎమ్ఎమ్‌సీ నెమ్మది. నిజంగా 8 జీబీ స్వాప్‌లోకి దిగిన రోజున మౌస్ కదలడానికి నిమిషం పడుతుంది.

జెడ్‌ర్యామ్ పెట్టు. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌గా చూపించి, అందులోకి వెళ్లే పేజీల్ని కుదించి దాస్తుంది. డిస్కు మీద ఒక్క బైటు కూడా పడదు. జెడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి, /ఈటీసీ/డిఫాల్ట్‌లో జెడ్‌ర్యామ్‌స్వాప్ ఫైలు తెరిచి ఆల్గో=జెడ్‌ఎస్‌టీడీ, పర్సెంట్=50 అని రాయి. దాని వెనక ఆపద్ధర్మంగా 2 జీబీ స్వాప్ ఫైలు ఉండనీ. పార్టిషన్ వద్దు, ఫైలు చాలు. ఫైలైతే రేపు వద్దనుకుంటే స్వాప్‌ఆఫ్ చేసి చెరిపేస్తావు, పార్టిషనైతే మళ్లీ జీపార్టెడ్ ముందు కూర్చోవాలి. జెడ్‌ర్యామ్‌కి ప్రయారిటీ ఎక్కువ ఉందో లేదో స్వాప్‌ఆన్ --షో తో ఒకసారి చూసుకో.

హైబర్నేట్ కావాలంటే మాత్రం లెక్క వేరు. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీదకి దిగాలి కాబట్టి ఇంచుమించు ర్యామ్ అంత స్వాప్ డిస్కు మీద ఉండాలి. జెడ్‌ర్యామ్ దానికి పనికిరాదు. చెల్లికి మూత వేస్తే నిద్రపోయి, తీస్తే లేస్తే చాలనుకుంటా.

---

పల్నాటి పిల్లోడు (9 నవంబరు, 7:20)

చాలన్నా. హైబర్నేట్ అంటే ఏంటో కూడా తనకి తెలియదు.

---

న్యూజెర్సీ నెల్లూరు (10 నవంబరు, ఉదయం 6:45)

ఇదంతా చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. నెల్లూరులో మా నాన్నగారి డెస్క్‌టాప్‌కి నేనే లినక్స్ వేసి వచ్చాను. 120 జీబీ ఎస్ఎస్‌డీ, పాత 500 జీబీ హార్డ్‌డిస్కు. ఎస్ఎస్‌డీ మీద సిస్టమ్, హార్డ్‌డిస్కు మీద ఫొటోలు, భక్తి ప్రవచనాల ఆడియోలు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రెండో డిస్కుకి ఒక లైను రాసి, పని చేస్తోందని చూసుకుని విమానం ఎక్కేశాను.

నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి ఫోను. కంప్యూటర్ నల్ల తెర మీద ఆగిపోయింది, ఏదో జాబ్ నడుస్తోందని సెకన్లు లెక్కపెడుతోందన్నారు. తొంభై దాకా లెక్కపెట్టి ఎమర్జెన్సీ మోడ్ అన్నదట. ఇంట్లో సున్నం వేసేటప్పుడు సీపీయూ జరిపారు, లోపల హార్డ్‌డిస్కు కేబుల్ వదులైంది. సిస్టమ్ ఉన్న ఎస్ఎస్‌డీ నిక్షేపంగా ఉంది, కానీ నేను రాసిన లైను వల్ల ఆ డిస్కు కనిపించేదాకా మెషీన్ ముందుకు కదలనంది. డెబ్భై రెండేళ్ల మనిషి చేత ఫోన్లో ఒక్కో అక్షరం కొట్టించి, నానో ఎడిటర్‌లో ఆ లైను ముందు హాష్ గుర్తు పెట్టించి దాన్ని ఆపించడానికి గంటన్నర పట్టింది. 'స్లాష్ అంటే ఎటు వంగింది నాన్నా' అని ఆయన అడుగుతూనే ఉన్నారు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇప్పుడు ఏ రెండో డిస్కుకైనా, ఎస్‌డీ కార్డుకైనా ఎఫ్ఎస్‌ట్యాబ్ లైనులో నోఫెయిల్ అని తప్పకుండా రాస్తాను. ఆ ఒక్క మాట ఉంటే డిస్కు దొరక్కపోయినా సిస్టమ్ లేస్తుంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు కూడా రాయను, అవి బూట్‌కి బూట్‌కి తారుమారవుతాయి. యూయూఐడీనే (డిస్కుకి ఉండే మారని గుర్తింపు సంఖ్య) రాస్తాను.

పల్నాటి తమ్ముడూ, చెల్లి వాట్సాప్ ఫొటోలకి ఒక మైక్రోఎస్‌డీ కార్డు పెట్టించు. డిస్కు మీద అసలు భారం అదే. కార్డు ఎప్పుడైనా పోవచ్చు కాబట్టి ముఖ్యమైనవి ఇంకోచోట కూడా ఉండాలి. /హోమ్ మొత్తాన్ని మాత్రం కార్డు మీద పెట్టకు, బ్రౌజర్ ప్రొఫైల్ రాతలకి అది తొందరగా అరిగిపోతుంది.

---

ల్యాబ్ మాస్టారు (10 నవంబరు, 7:30)

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. నోఫెయిల్ సంగతి అందరూ గుర్తుంచుకోవాల్సింది.

---

హన్మకొండ అక్క (10 నవంబరు, రాత్రి 9:15)

వర్చువల్ మెషీన్‌లో మింట్ రెండుసార్లు వేశాను. మాస్టారు చెప్పింది నిజమే. ఒకే రూట్, ఫార్మాట్ టిక్ లేకుండా మళ్లీ వేస్తే హోమ్‌లో నేను పెట్టిన ఫైళ్లు, ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు అన్నీ ఉన్నాయి. విడిగా వేసుకున్న ప్యాకేజీలు మాత్రం పోయాయి, మళ్లీ వేసుకోవాలి. అదెలాగూ హోమ్ విడిగా ఉన్నా పోతాయి.

కాబట్టి 64 జీబీ దాకా నేనూ ఒకే రూట్ అంటాను. 250 జీబీ, ఆపైన ఉన్నవాళ్లకి మాత్రం హోమ్ విడిగానే చెబుతాను. అక్కడ అంకె కాస్త తప్పినా పడే నష్టం తక్కువ. వేరే డిస్ట్రో (లినక్స్ రకం) మీదకి మారాలనుకునేవాళ్లకి కూడా అదే సులువు. అన్ని ఇన్‌స్టాలర్లూ మింట్‌లా చెయ్యవు. డెబియన్ ఇన్‌స్టాలర్ కూడా 'అన్ని ఫైళ్లూ ఒకే పార్టిషన్‌లో' అన్నదే కొత్తవాళ్లకి సూచిస్తుంది. హోమ్, వార్, టెంప్ అన్నీ విడగొట్టే మూడో ఎంపిక ఒకటి ఉంటుంది. చిన్న డిస్కువాళ్లు దాని వైపు చూడనే వద్దు.

---

పల్నాటి పిల్లోడు (16 నవంబరు, సాయంత్రం 5:40)

ఈ ఆదివారం ఊరెళ్లి వేసేశాను. ముందు చెల్లి ఫైళ్లన్నీ మా బావగారి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, ఇంకో మెషీన్‌లో తెరిచి చూసుకున్నాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా పెట్టుకుని, చార్జర్ ఇన్వర్టర్ లైనుకి తగిలించాకే మొదలుపెట్టాను, మాస్టారు చెప్పిన ఆ అమ్మాయి రిపోర్టే గుర్తొచ్చింది. విండోస్ పూర్తిగా తీసేశాను.

ఇప్పుడు ఉన్నది ఇదీ:

ఎమ్ఎమ్‌సీబీఎల్‌కే0పీ1: 512ఎమ్, ఫ్యాట్32, /బూట్/ఈఎఫ్ఐ
ఎమ్ఎమ్‌సీబీఎల్‌కే0పీ2: 57.7జీ, ఈఎక్స్‌టీ4, /

స్వాప్ పార్టిషన్ చూపించకపోతే ఇన్‌స్టాలరే 2 జీబీ స్వాప్ ఫైలు పెట్టింది. పైన జెడ్‌ర్యామ్ వేశాను. అప్‌డేట్లు, లిబ్రేఆఫీస్, తెలుగు కీబోర్డు అన్నీ అయ్యాక వాడింది 13 జీబీ, ఖాళీ 40. ట్యూన్2ఎఫ్ఎస్ -ఎమ్ 1 కొట్టి మళ్లీ చూస్తే ఖాళీ 42 దాటింది. ఒక్క కమాండుతో రెండు జీబీలకి పైగా రావడం చూసి చెల్లి ఇంకో రెండుసార్లు కొట్టమంది.

ఇంకా ఏమైనా చెయ్యాలా?

---

బెంగళూరు బైట్లు (16 నవంబరు, 6:15)

చాలా బాగుంది. నెమ్మదిగా చోటు తినేవి మూడున్నాయి, వాటికి ఇప్పుడే కళ్లెం వెయ్యి. ఫ్లాట్‌ప్యాక్‌లో (యాప్‌లు వేసుకునే ఇంకో పద్ధతి) ఒక చిన్న యాప్ వేసినా దానితోపాటు రన్‌టైమ్ వందల ఎంబీలు దిగుతుంది. ఆప్ట్‌లో దొరికేదాన్ని ఆప్ట్‌లోనే వేసుకోండి, అప్పుడప్పుడు ఫ్లాట్‌ప్యాక్ అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్ నడపండి. సిస్టమ్‌డీ జర్నల్ (సిస్టమ్ రాసుకునే లాగులు) డిస్కులో పదో వంతు దాకా, గరిష్ఠంగా 4 జీబీ దాకా పెరగనిస్తుంది. జర్నల్‌డీ కాన్ఫ్‌లో సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్=100ఎమ్ అని రాసేయి. ఇక టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్ స్నాప్‌షాట్లు తీసే ప్రోగ్రాము). మింట్ మొదటి రోజే దాన్ని పెట్టుకోమంటుంది. ఈఎక్స్‌టీ4 మీద మొదటి స్నాప్‌షాట్ అంటే సిస్టమ్ మొత్తానికి ఇంకో కాపీ. నీ దగ్గర పది జీబీ ఒక్క దెబ్బకి పోతుంది. ఆ డిస్కు మీద వద్దు, బయటి హార్డ్‌డిస్కు తగిలించినప్పుడే తీసుకో.

---

అమలాపురం కుర్రాడు (16 నవంబరు, 7:00)

ఒక జాగ్రత్త. నేను చోటు కోసం నోటో ఫాంట్లన్నీ తీసేశాను, తెలుగు పేజీలన్నీ డబ్బాలుగా మారిపోయాయి. సీజేకే అన్న పేరున్నవి చైనీస్, జపనీస్, కొరియన్‌వి, అవి తీసినా ఫరవాలేదు. ఫాంట్స్-తెలు అన్నది మాత్రం ఉండాలి.

---

పల్నాటి పిల్లోడు (21 డిసెంబరు, రాత్రి 8:25)

నెల దాటింది, చెబుదామని వచ్చాను. చెల్లి పరీక్షలు అయిపోయాయి. మధ్యలో ఒక్కసారీ ల్యాప్‌టాప్ గురించి ఫోన్ చెయ్యలేదు. ఇవాళ వీడియో కాల్‌లో తన చేతే డీఎఫ్ -హెచ్ కొట్టించాను. వాడింది 21 జీబీ, ఖాళీ 34. ఎన్‌సీడీయూ (ఏ ఫోల్డరు ఎంత చోటు తింటోందో చూపేది) వేసి చూస్తే పెరిగినదాంట్లో 6 జీబీ డౌన్‌లోడ్స్‌లో ఉన్న క్లాసు వీడియోలే. నా మొదటి లెక్క ప్రకారం 15 జీబీ రూట్ పెట్టి ఉంటే, సిస్టమ్ ఒక్కటే 14 దాటింది కాబట్టి ఈపాటికి పరీక్షల మధ్యలో లాగిన్ దగ్గర ఆగిపోయేది.

128 జీబీ కార్డు తెచ్చి ఫొటోలన్నీ అందులోకి మార్చాను. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ, నోఫెయిల్, రెండూ రాశాను. కార్డు బయటికి తీసి రీస్టార్ట్ చేసి చూశాను, ఆగకుండా లేచింది. న్యూజెర్సీ అన్నా, నాన్నగారి మెషీన్ ఎలా ఉంది?

---

న్యూజెర్సీ నెల్లూరు (22 డిసెంబరు, ఉదయం 5:50)

బాగుంది తమ్ముడూ. సంక్రాంతికి ఊరొస్తున్నాను, ఆ కేబుల్ మార్చి, హార్డ్‌డిస్కులో ఉన్నవన్నీ ఇంకో దానిలోకి కాపీ చేసి వస్తాను. కార్డులో ఉన్న చెల్లి ఫొటోల కాపీ బావగారి డిస్కులో ఇంకా ఉంచావు కదా? చెరిపెయ్యకు.